భన్‌పురి మిల్లులకు మనుషులెందుకు దొరకరు?

రాయపూర్ శివారు భన్‌పురిలో రోలింగ్ మిల్లుల వాళ్లను కదిలిస్తే ఒకటే మాట: ఇక్కడివాళ్లు పనిలోకి రారు, బిహార్ నుంచో ఒడిశా నుంచో మనుషులను దించకపోతే మిల్లు నడవదు. అదే ఛత్తీస్‌గఢ్‌లో వరి కోతలు అవ్వగానే జాంజ్‌గీర్, మహాసముంద్ పల్లెల వాళ్లు పిల్లాపాపలతో ఉత్తరప్రదేశ్ ఇటుక బట్టీలకు బయల్దేరతారు. బస్తర్ వాళ్లు మన ఖమ్మం, ములుగు మిరప చేలకు వస్తారు. ఇటుక బట్టీలో భర్త మట్టి పిసికితే భార్య అచ్చు పోస్తుంది, పిల్లలు పచ్చి ఇటుకలను తిరగేస్తారు. వెయ్యి ఇటుకలకు ఇంతని కూలి. అంత కష్టానికి సిద్ధపడినవాళ్లను పని దొంగలనడం అన్యాయం. బట్టీ యజమాని ముందే అడ్వాన్సు చేతిలో పెడతాడు. అది మెడకు ఉరే, కానీ పాత అప్పు తీరుతుంది, కుటుంబం ఒక్కచోట ఉంటుంది. మిల్లులో ఏముంది? ఎర్రగా కాలిన ఇనుము రోలర్ల మధ్య నుంచి పాములా దూసుకొస్తే పట్టకారుతో అందుకుని పక్క గాడిలోకి తొయ్యాలి. క్షణం ఏమరితే కాలో చెయ్యో పోతుంది. అయినా చాలాచోట్ల కాంట్రాక్టరు మస్టరే, పన్నెండు గంటల షిఫ్టే.

ఐరోపాలోనూ ఇదే వరస. బల్గేరియా జనాభా 1989లో దాదాపు 90 లక్షలు, 2021 జనగణనకు 65 లక్షలు. పుట్టేవాళ్లు తగ్గారు, నిజమే. కానీ పడమటి దేశాలకు వెళ్లిపోయినవాళ్లూ లక్షల్లోనే. రొమేనియా మేస్త్రీలు ఇటలీ, స్పెయిన్ దారి పట్టారు. వాళ్ల చోట నేపాల్, శ్రీలంక, భారత్ నుంచి మనుషులను తెచ్చుకోవడానికి ఆ దేశం ఇటీవల ఏటా లక్ష మంది దాకా అనుమతులిచ్చింది. ఖాళీ అయిన చోటల్లా అంతకన్నా పేదవాణ్ణి తెచ్చి నింపుకుంటూ పోతే మొదటివాడు ఎందుకు వెళ్లాడని అడిగే అవసరమే యజమానికి రాదు. భన్‌పురిలోనూ జరుగుతున్నది అదే.

ఉచిత బియ్యం వచ్చాక ఎవరు పనిచేస్తారని కొందరంటారు. బియ్యం కడుపు నింపుతుంది, అప్పు తీర్చదు. బియ్యమే కాళ్లు కట్టేసేదైతే కోతలయ్యాక ఊళ్లకు ఊళ్లు ఎందుకు తాళాలేసుకుంటాయి? ఇనుము ధర నిలకడగా ఉండదు, కరెంటు బిల్లు తడిసి మోపెడవుతుంది, కూలి పెంచితే చిన్న మిల్లు మూతపడుతుందన్న వాదనలో మాత్రం పస ఉంది. కూలి రెట్టింపు చేయమని మిల్లుల వాళ్లను ఎవరూ అడగలేరు. కానీ పీఎఫ్, ఈఎస్ఐ, అదనపు గంటలకు రెట్టింపు కూలి దయాదాక్షిణ్యాలు కావు, చట్టం రాసిపెట్టినవే. వచ్చే కోతలు ముగిసేలోగా ప్రతి మిల్లు గేటు దగ్గర రోజు కూలి, షిఫ్టు గంటలు పెద్దక్షరాలతో రాసిన బోర్డు పెట్టించాలి. ఆ తర్వాత కూడా మనుషులు రాకపోతే అప్పుడు కొరత గురించి మాట్లాడదాం.