‘మాంసం తినేసే’ ఇన్‌ఫెక్షన్: పలాస నుంచి ఆపరేషన్ బల్ల దాకా 6 గంటల్లో చేరగలమా?

కాలికి ముల్లు గుచ్చుకుంది. మర్నాటికి కాలు వాచింది. పైకి చూస్తే కొంచెం ఎరుపు, అంతే. కానీ నొప్పి మాత్రం తట్టుకోలేనంతగా ఉంది. ఇలాంటప్పుడు చాలామంది ఊళ్లోనే ఒక ఇంజెక్షన్ చేయించుకుని, రెండు రోజులు చూద్దాంలే అనుకుంటారు. ఎక్కువసార్లు అది మామూలు ఇన్‌ఫెక్షనే, తగ్గిపోతుంది కూడా. అరుదుగా మాత్రం ఆ రెండు రోజులే ప్రాణం మీదకు తెస్తాయి.

ఆ అరుదైన జబ్బు పేరు నెక్రోటైజింగ్ ఫేషియైటిస్. ‘మాంసం తినేసే బ్యాక్టీరియా’ అని వార్తల్లో మీరు చదివేది దీని గురించే. షుగర్, కిడ్నీ, లివర్ జబ్బులున్నవారికి ముప్పు ఎక్కువ. కిడ్నీ జబ్బుకు దేశమంతటా పేరుపడ్డ ఉద్దానంలో దీని గురించి తెలిసి ఉండటం అందుకే అవసరం.

చర్మం కింద ఏం జరుగుతుంది?

కండరాలను కప్పి ఉంచే పలుచటి పొర వెంట క్రిములు వేగంగా పాకుతాయి. అక్కడి సన్నటి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. రక్తం అందని భాగం చచ్చిపోతుంది. యాంటీబయాటిక్ మందు రక్తం ద్వారానే చేరాలి కాబట్టి, రక్తం వెళ్లని చోటికి మందూ వెళ్లదు. ఎంత ఖరీదైన ఇంజెక్షన్ అయినా ఒక్కటే సరిపోకపోవడానికి కారణం ఇదే. మందు వెంటనే మొదలుపెట్టాలి, దాంతోపాటు కుళ్లిన భాగాన్ని కోసి తీసేయాలి. ఇంకా మిగిలిందేమో చూడటానికి సాధారణంగా 12 నుంచి 24 గంటల్లో మళ్లీ ఆపరేషన్ గదికి తీసుకెళ్తారు.

6 గంటల లెక్క ఎక్కడిది?

1995లో అమెరికా వైద్యులు 65 మంది రోగుల వివరాలు ప్రచురించారు. ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి ఆపరేషన్ దాకా పట్టిన సమయం బతికినవారిలో సగటున 25 గంటలు, చనిపోయినవారిలో 90 గంటలు. 2020లో వచ్చిన మరో విశ్లేషణ వందకు పైగా అధ్యయనాలను పరిశీలించింది. 6 గంటల్లోపు ఆపరేషన్ జరిగినవారిలో నూటికి సుమారు 19 మంది, ఆ తర్వాత జరిగినవారిలో నూటికి సుమారు 32 మంది చనిపోయినట్టు తేలింది.

ఇవి పాత కేసుల రికార్డుల నుంచి తీసిన లెక్కలు. 6 గంటలు దాటితే ఆశ లేదని దీని అర్థం కాదు. ఎంత తొందరగా కోస్తే అంత మంచిదని అర్థం. ఇంకో విషయం గమనించండి. గడియారం మొదలయ్యేది పెద్దాసుపత్రిలో కాదు, రోగి మొదటి ఆసుపత్రి మెట్లెక్కినప్పుడు.

పలాస నుంచి లెక్క వేద్దాం

పలాస నుంచి శ్రీకాకుళం సుమారు 75 కిలోమీటర్లు. విశాఖపట్నం సుమారు 190. దారిలో టెక్కలిలో జిల్లా ఆసుపత్రి ఉంది. ఇప్పుడు ఒక ఉదాహరణ అనుకుందాం. వజ్రపుకొత్తూరు నుంచి ఒక రోగి రాత్రి 8 గంటలకు పలాస ఆసుపత్రికి చేరాడు. పరీక్షలు, అంబులెన్స్ వచ్చేసరికి 9.30. శ్రీకాకుళంలో 11. అక్కడ మళ్లీ పరీక్షలు, మళ్లీ రిఫరల్, ఒంటి గంట. విశాఖ చేరేసరికి తెల్లవారుజామున 3.30. ఆపరేషన్ బల్ల ఎక్కేసరికి 5.

మొత్తం 9 గంటలు. ఇందులో ప్రయాణం 4 గంటలే. మిగతా 5 గంటలు వరండాల్లో గడిచిపోయాయి. జాతీయ రహదారిని మనం కుదించలేం. ఆ 5 గంటలను కుదించొచ్చు.

కిడ్నీ రోగుల్లో గుర్తించడం ఎందుకు కష్టం?

ఈ జబ్బును అనుమానించడానికి డాక్టర్లు 2004 నుంచి ఒక స్కోరు వాడుతున్నారు. ఆరు రక్త పరీక్షలకు మార్కులు వేసి, 6 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే అనుమానించాలంటారు. చిక్కేమిటంటే, ఆ ఆరింటిలో క్రియాటినిన్, హిమోగ్లోబిన్ కూడా ఉన్నాయి. క్రియాటినిన్ 1.6 దాటితే 2 మార్కులు, హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే మరో 2. డయాలసిస్ చేయించుకునే మనిషికి ఏ ఇన్‌ఫెక్షనూ లేకపోయినా ఈ 4 మార్కులు ముందే ఉండొచ్చు. అలాగని స్కోరు తక్కువ వచ్చింది కాబట్టి జబ్బు లేదనీ అనలేం. స్కోరు 6 కన్నా తక్కువున్నా జబ్బు బయటపడ్డ కేసులు చాలా ఉన్నాయి. జ్వరం కూడా సగం మందిలో కనబడదు.

స్కానింగ్‌దీ అదే కథ. కిడ్నీ పాడవుతుందన్న భయంతో రంగు మందు ఎక్కించే సీటీ స్కాన్‌కు వెనకాడతారు. చివరికి దారి ఒక్కటే. అనుమానం గట్టిగా ఉంటే సర్జన్ చిన్న కోత పెట్టి లోపల చూడాలి. స్కాన్ కోసం ఆపరేషన్ ఆపకూడదు.

తీరంలో ఉండేవారికి మరో జాగ్రత్త. సముద్రపు నీటిలో, ఉప్పుటేరుల్లో విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. ఒంటి మీద గాయంతో ఆ నీటిలో దిగితే లోపలికి చేరొచ్చు. లివర్ జబ్బు ఉంటే మరీ ప్రమాదం. వేటకు వెళ్లొచ్చాక గాయం వాస్తే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. దాన్నిబట్టి మందు మారుతుంది.

ప్రభుత్వం చేయాల్సింది ఏమిటి?

2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇది పెద్ద అడుగే. అయితే ఈ జబ్బు విషయంలో పడకల లెక్క కన్నా మూడు ప్రశ్నలు ముఖ్యం. పలాసలో గానీ టెక్కలిలో గానీ రాత్రి పూట సర్జన్ ఉంటారా? మత్తు డాక్టర్ ఉంటారా? రక్తం దొరుకుతుందా? ఈ మూడూ ఉంటే మొదటి కోత అక్కడే పడుతుంది. ఆ తర్వాత పెద్దాసుపత్రికి పంపినా రోగికి అవకాశం ఉంటుంది.

ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. రైలు నుంచి పడిపోయిన ఒక కూలీని పశ్చిమబెంగాల్‌లో ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపిన కేసులో 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రి సకాలంలో అత్యవసర చికిత్స అందించకపోవడం జీవించే హక్కును ఉల్లంఘించడమేనని చెప్పింది. పడక ఎక్కడ ఖాళీ ఉందో ముందే తెలుసుకుని రోగిని నేరుగా అక్కడికే పంపేలా కేంద్రీకృత సమాచార వ్యవస్థ ఉండాలని కూడా సూచించింది. పైన చెప్పిన 5 గంటలకు మందు అదే.

మీరు ఏం చేయాలి?

- పైకి కనిపించే దానికన్నా నొప్పి చాలా ఎక్కువగా ఉంటే ఆగొద్దు. వాపు గంటగంటకూ పెరగడం, చర్మం ఊదా లేదా నల్లరంగుకు మారడం, నీటి బొబ్బలు, నొక్కితే కరకరలాడటం, స్పర్శ పోవడం కూడా ప్రమాద సూచనలే.
- ఎరుపు ఎంతవరకు ఉందో పెన్నుతో గీత గీసి, టైమ్ రాయండి. ఫోన్‌లో ఫొటో తీయండి. గీత దాటితే వెంటనే బయల్దేరండి.
- పసరు కట్లు, వేడి కాపడాలు వద్దు. సొంతంగా నొప్పి మాత్రలు వేసుకోవద్దు. కొన్ని కిడ్నీని దెబ్బతీస్తాయి, నొప్పిని కప్పేస్తాయి కూడా.
- డయాలసిస్, షుగర్, స్టెరాయిడ్ల సంగతి మొదటి మాటగా చెప్పండి.
- ‘సర్జన్ చూశారా?’ అని అడగండి. రిఫర్ చేస్తే మూడు విషయాలు కనుక్కోండి: మొదటి యాంటీబయాటిక్ ఇచ్చారా, అవతలి ఆసుపత్రికి ఫోన్ చేశారా, అక్కడ ఇప్పుడు సర్జన్ ఉన్నారా.
- అంబులెన్స్‌కు 108. ఎన్టీఆర్ వైద్య సేవ కింద అత్యవసర కేసుల్లో ఫోన్ మీదే అనుమతి తీసుకునే వీలుంది. కార్డు ఇంట్లో మర్చిపోయామని వెనక్కి తిరగొద్దు, వివరాలకు 104కు ఫోన్ చేయండి.

ఇచ్ఛాపురం, కవిటి వైపు వారికి శ్రీకాకుళం కన్నా ఒడిశాలోని బరంపురం దగ్గర. దగ్గరలో సర్జన్ ఎక్కడుంటే అటే వెళ్లండి.