పదిమంది జవానులు, రెండు తూటాలు

దర్శి, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములనుండి పటాలములో జేరు యువకులకు ఢిల్లీలోని లెక్కలతో బనిలేదని కొంద ఱనుకొందురు. మే మట్లనుకొనజాలము. ఆ లెక్కల బరువు తుదకు బడునది వీరి వీపులమీదనే గదా!

పదాతిసైన్యమున మిక్కిలి చిన్న దళము సెక్షను. మన సైన్యమున దానికి పదిమంది. డ్రోనులు వచ్చిన యీ దినములలో ఎనమండ్రు చాలరా యని వాదించువారు కలరు. వారు ఒక్క తీసివేతయైన జేసి చూచిరా? ఒకడు గాయపడును, వానిని కొండ దింపుటకు ఇద్దఱు కావలెను. పదిమందిలో నేడుగురు మిగిలిరి. మెషీన్‌గన్నుకు ఇద్దఱు, నాయకు డొకడు పోగా, నలుగురు ముందునకు సాగగలరు. ఎనమండ్రయినచో సాగువారు ఇద్దఱే. సెలవుపై బోయినవారిని, జ్వరపడినవారిని మే మింకను లెక్కింపనే లేదు. అమెరికా సైన్యము తొమ్మండ్రతో సరిపెట్టుకొన్నది నిజమే. కాని వారి ప్లటూనులో మెషీన్‌గన్నులకు వేఱుగా నొక దళమే కలదు. ఆ మాట మనవారు చెప్పరు.

సంఖ్యకంటె మమ్ము కలతపెట్టునది తూటా. రెండవ ప్రపంచయుద్ధమున మన సెక్షనులో రైఫిలునకును బ్రెన్‌గన్నునకును .303 తూటా యొక్కటే. ప్రతి జవాను సంచిలోను బ్రెన్ మేగజీను లుండెడివి. ఇన్సాస్ రైఫిలును దాని మెషీన్‌గన్నును అట్లే 5.56 మి.మీ. తూటాను పంచుకొన్నవి. 1999లో కార్గిల్ చలికి ఇన్సాస్ మేగజీనులు పగిలినవి. ఆ దోషమును మేము కప్పిపుచ్చము. దానికి బదులు తెచ్చిన దేమి? 2019లో అమెరికా సిగ్ 716 రైఫిళ్లు 72,400, 2020లో ఇజ్రాయేలు నెగెవ్ మెషీన్‌గన్నులు 16,479 కొనుటకు ఒడంబడికలు జరిగినవి. ఈ రెంటికిని 51 మి.మీ. గొట్టముగల 7.62 తూటా. 2021లో ఏకే-203 రైఫిళ్లు 6,01,427. వీనికి 39 మి.మీ. గొట్టముగల 7.62 తూటా. పేరొకటే గాని ఒకదానిది వేఱొకదానిలో పనికిరాదు. నెగెవ్ నిండుకొన్నవేళ ప్రక్కనున్న ఏకే జవాను తన సంచినుండి ఒక్క తూటాయైన నీయలేడు!

పెద్ద తూటా దూరము పోవు నందురు. పోవును. కాని ఇన్సాస్ తూటాలు నూఱు సుమారు 1.2 కిలోలు, ఇవి దానికి రెట్టింపు. పెండ్లికి బోవుచు పిల్లిని చంకబెట్టుకొనుట యన నిదియే.

ఏకే రైఫిళ్లు అమేథీ దగ్గఱ కోర్వాలో మన దేశముననే తయారగుచున్నవి. ఆ తూటానే కాల్చు మెషీన్‌గన్నునుగూడ నిచ్చటనే చేయింపుడని మేము కోరుచున్నాము. చేవ్రాలునకు ముందు పదిమంది జవానులకు ఆ తుపాకులు, తూటాలు, నీళ్లు, గాయపడినవానిని మోయు డోలి యిచ్చి, మార్కాపురమునకు పడమటనున్న నల్లమలలో మూడు దినములు నడిపించి చూడుడు.