కనుబొమ కూడా చికిత్సే

అందం అనే మాట వినగానే స్త్రీల సంఘాల్లో పనిచేసే మనం కాస్త జాగ్రత్త పడతాం. కారణం లేకపోలేదు. తెల్లబరిచే క్రీముల వ్యాపారం, అందాల పోటీలు స్త్రీ శరీరాన్ని సరుకుగా మార్చాయి. 1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీ పెట్టినప్పుడు స్త్రీల సంఘాలు వీధుల్లోకి వచ్చింది అందుకే. ఆ నిరసనతో నాకు నేటికీ ఏకీభావమే. అయితే యాసిడ్ దాడిలోనో స్టవ్ మంటల్లోనో ముఖం కాలిపోయిన స్త్రీ తనకు కనుబొమలు కావాలని అడిగినప్పుడు, 'ప్రాణం దక్కింది చాలదా, ఇంకా అందమెందుకు' అనే మాట ఇంట్లోనూ, ఆసుపత్రిలోనూ వినిపిస్తుంది. ఆ మాట మన నోట రాకూడదు.

ముందు ఆ చికిత్స ఏమిటో చూద్దాం. కాలిన ముఖానికి శరీరంలో మరోచోటు నుంచి తీసిన చర్మాన్ని అతికిస్తారు. ఒక్క ఆపరేషన్‌తో అయ్యేది కాదు, ఏళ్ళ తరబడి సాగుతుంది. అన్నీ అయ్యాక కూడా అతికిన చర్మం పక్క చర్మం రంగులో కలవదు. దానిమీద కనుబొమ మొలవదు. పెదవికి అంచు ఉండదు. వెంట్రుకలు నాటే పద్ధతి ఉన్నా గట్టిపడిన మచ్చమీద అది అందరికీ కుదరదు. అక్కడ సూది పని మొదలవుతుంది. చర్మం లోపలి పొరలోకి రంగు దించి కనుబొమ వెంట్రుకల్లాంటి గీతలు గీస్తారు, పెదవి అంచు దిద్దుతారు, పాలిపోయిన మచ్చను పక్క ఛాయకు దగ్గర చేస్తారు. ఇదే వైద్య పచ్చబొట్టు. ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి మన అమ్మమ్మల చేతుల మీద పొడిచిన పచ్చబొట్టుకూ దీనికీ సూత్రం ఒకటే. తేడా రంగుల్లో, పరికరాల్లో, శుభ్రతలో ఉంది.

ఇది మంత్రం కాదు. మచ్చ నెమ్మదించడానికి సాధారణంగా ఏడాది వరకు ఆగాలి. మచ్చ చర్మం రంగును సమంగా పట్టదు కనుక ఒకటికి మించి విడతలు కావాలి. కొన్నేళ్ళకు వెలిసిపోతుంది, మళ్ళీ దిద్దించుకోవాలి. ఉబికిన మచ్చను ఇది చదును చేయదు. మచ్చలు పెరిగే తత్వం ఉన్నవారికి హాని చేయవచ్చు. శుభ్రం చేయని సూది ద్వారా హెపటైటిస్-బి, హెచ్.ఐ.వి. సోకే ప్రమాదమూ ఉంది. ఇన్ని జాగ్రత్తలు అవసరమైన పనిని బ్యూటీపార్లర్ వ్యవహారమని వదిలేయడం న్యాయమా? సర్జన్ సలహాతో, శిక్షణ పొందినవారి చేతుల మీదుగా జరగవలసిన చికిత్స ఇది.

చట్టం మనకు కొంత దారి చూపింది. 2015 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, యాసిడ్ బాధితులకు ప్రైవేటు ఆసుపత్రులు కూడా ఉచితంగా పూర్తి వైద్యం అందించాలనీ, అందులో మందులు, భోజనం, పడకతో పాటు పునర్నిర్మాణ శస్త్రచికిత్స కూడా భాగమేననీ చెప్పింది. 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 124వ సెక్షన్ దోషికి కనీసం పదేళ్ళ జైలు విధిస్తూ, బాధితురాలి వైద్య ఖర్చులకు సరిపోయేలా జరిమానా వేసి ఆ డబ్బు ఆమెకే ఇవ్వాలంటోంది. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2018 పథకం ప్రకారం యాసిడ్ దాడిలో ముఖం రూపుమాసిన స్త్రీకి 7 నుంచి 8 లక్షల పరిహారం రావాలి. ఆరోగ్య బీమా నిబంధనలు కూడా రూపం మార్చే చికిత్సలకు డబ్బు ఇవ్వబోమంటూనే, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణాన్ని ఆ నిషేధం నుంచి తప్పించాయి. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. పునర్నిర్మాణం ఎక్కడ ముగుస్తుంది? చివరి కుట్టు విప్పిన రోజునా, లేక ఆ ముఖం తనదేనని ఆమెకు అనిపించిన రోజునా?

2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ పోశారు. కొద్దిరోజులకే ముగ్గురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. న్యాయం జరిగిందని ఎంతోమంది చప్పట్లు కొట్టారు. ఆ విద్యార్థినుల్లో ఒకరు అదే నెలలో ఆసుపత్రిలో కన్నుమూశారు. విచారణ లేని ఆ తూటాలు ఎవరి గాయాన్నీ మాన్పలేదు. దాడి జరిగిన వారం పత్రికలన్నీ ఆమె గురించే రాస్తాయి. పదేళ్ళ తర్వాత ఎన్నో ఆపరేషన్‌కు డబ్బు వెతుక్కుంటోందో అడిగేవారు ఉండరు. న్యాయం అంటే ఆ పదేళ్ళు కూడా.

మరొక మాట. పచ్చబొట్టు కావాలా వద్దా అన్నది ఆమె ఒక్కతే తేల్చుకోవాలి. పెళ్ళి కుదరాలని ఇంట్లోవాళ్ళు బలవంతపెట్టినా తప్పే, ఆడంబరమని అడ్డుకున్నా తప్పే. నా ముఖం ఇలాగే ఉంటుంది, మీరే చూపు మార్చుకోండి అనే స్త్రీ హక్కు కూడా అంతే గట్టిది. బ్యాంకు ఖాతాకు, సిమ్‌కార్డుకు కళ్ళు ఆర్పి చూపించమనే పద్ధతి వల్ల కనురెప్పలు కాలిపోయినవారికి తలుపులు మూసుకుపోయాయి. వారికి వీలయ్యే మార్గాలు ఏర్పాటు చేయమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఆదేశించింది. ముఖాన్ని మార్చుకునే హక్కూ, మార్చుకోకుండానే బతికే హక్కూ ఒకే హక్కుకు రెండు వైపులు.

కనుక ప్రభుత్వ ఆసుపత్రుల కాలిన గాయాల విభాగాల్లో ఈ చికిత్సను ఉచితంగా చేర్చాలనీ, పరిహారం లెక్కగట్టేటప్పుడు మళ్ళీ మళ్ళీ దిద్దించుకునే ఖర్చును కూడా కలపాలనీ మనం అడగాలి. మీ ఊళ్ళో అలాంటి సోదరి ఉంటే, ఇది పునర్నిర్మాణంలో భాగమని డాక్టరు చేత రాయించుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టడానికి ఆమెకు తోడు వెళ్ళండి. వాళ్ళు కాదంటే, ఎందుకు కాదో కాగితం మీద రాసి ఇమ్మనండి. మన పోరాటం ఆ కాగితంతో మొదలవుతుంది.