ప్రకటనలలో మనం: అడగవలసిన మాట, చెప్పవలసిన మాట

2020 అక్టోబరులో తనిష్క్ నగల సంస్థ ఒక ప్రకటన విడుదల చేసింది. ముస్లిం అత్తగారు హిందువైన తన కోడలికి ఆమె పుట్టింటి ఆచారం ప్రకారం సీమంతం జరిపిస్తుంది. కథ అంతే. దానిపై సామాజిక మాధ్యమాలలో దుమారం రేగగా, దుకాణ సిబ్బంది క్షేమాన్ని కూడా కారణంగా చూపి సంస్థ దానిని ఉపసంహరించుకొన్నది. ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కి మాత్రం అందులో నియమావళికి విరుద్ధమైనదేదీ లేదని తేల్చింది. అంతకు ముందు ఏడాది, హోలీనాడు నమాజుకు వెళ్లే బాలుణ్ణి రంగులు పడకుండా సైకిలుపై మసీదుకు చేర్చిన బాలిక కథతో వచ్చిన సర్ఫ్ ఎక్సెల్ ప్రకటనపైనా బహిష్కరణ పిలుపులు వినవచ్చాయి.

మతాంతర వివాహం మన పెద్దలలోనూ అనేకులకు సమ్మతం కాదు. అది వేరే చర్చ. ఇక్కడ ప్రశ్న ఒక్కటే. ఊహ ఏజెన్సీది, పేరు, దుకాణం, సిబ్బంది సంస్థవి. విమర్శ వస్తే నిలబడగలమా అన్నది చిత్రీకరణకు ముందే ఇరువురూ తేల్చుకోవాలి. సద్భావంతో మొదలుపెట్టి భయంతో విరమిస్తే, ఆ చిత్రంలో కనిపించిన ముస్లిం కుటుంబమే ఏదో తప్పు చేసినట్లు లోకానికి తోస్తుంది.

అయితే మనమూ ప్రకటనలు చేయించుకొనేవారమే. ఒకసారి మేము ఉచిత వైద్య శిబిరానికి కరపత్రం వేయించాము. డిజైన్ చేసిన యువకుడు మంచి మనసుతోనే పైన బిస్మిల్లాహ్‌ను అరబీ లిపిలో చేర్చాడు. అక్షరాలు కలవక, విడివిడిగా, వరుస తిరగబడి అచ్చయ్యాయి. సరిగా అచ్చయినా ఆ కాగితం సాయంత్రానికి బజారులో కాళ్లక్రింద పడేదే కదా! అతనికి తెలియదు, మేము చెప్పలేదు. తప్పు మాదే. ఆ ప్రతులన్నీ పక్కన పెట్టి మళ్లీ వేయించాము.

కనుక పాఠశాల, ఆసుపత్రి, దుకాణం నడిపే సోదర సోదరీమణులకు నా విన్నపం. పని అప్పగించిననాడే ఏది తగునో, ఏది తగదో కాగితంపై వ్రాసి ఇవ్వండి. అచ్చుకు ముందు నమూనాను అరబీ, ఉర్దూ తెలిసిన పెద్దకు చూపండి. ముస్లిం అనగానే గుమ్మటం, నెలవంక, బిర్యానీ పళ్లెం మాత్రమే చూపితే మర్యాదగా అభ్యంతరం చెప్పండి. మన ఇళ్లలో ఉపాధ్యాయినులు, మెకానిక్కులు, గుమాస్తాలు కూడా ఉన్నారు. అన్నిటికంటె ముఖ్యంగా, మన పిల్లలను ఈ వృత్తిలోనికీ పంపండి. ప్రకటన రూపొందే చోట మనవారు ఒక్కరున్నా ఇటువంటి పొరపాట్లు చాలావరకు అచ్చుదాకా రావు.