సెనేటర్ల ఎంపికను శాసనసభల చేతికి ఇవ్వొద్దు



అమెరికా సెనేట్‌లో మధ్యేవాదులు ఒక్కొక్కరే కనుమరుగవుతున్నారని బాధపడుతూ ఈమధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆ బాధ నాకూ ఉంది. కానీ 17వ రాజ్యాంగ సవరణను రద్దు చేసి, 1913కు ముందులా రాష్ట్ర శాసనసభలే సెనేటర్లను ఎన్నుకుంటే పెద్దమనుషులు తిరిగొస్తారని వ్యాసకర్త చివర్లో అన్న మాటతో మాత్రం ఏకీభవించలేను. నేను తెనాలిలో పుట్టి పెరిగాను. చాలా ఏళ్లుగా పెన్సిల్వేనియాలో ఉంటున్నాను, ఇక్కడి ఓటరుని. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు మా రాష్ట్రం సంగతి. ఆర్లెన్ స్పెక్టర్ 1980లో రిపబ్లికన్‌గా గెలిచి 30 ఏళ్లు సెనేట్‌లో ఉన్నారు. పెన్సిల్వేనియా నుంచి అంతకాలం పనిచేసిన సెనేటర్ ఇంకొకరు లేరు. 2009 ఫిబ్రవరిలో ఒబామా ప్రభుత్వం తెచ్చిన ఆర్థిక ఉద్దీపన బిల్లుకు ముగ్గురే ముగ్గురు రిపబ్లికన్ సెనేటర్లు ఓటేశారు. వారిలో ఆయన ఒకరు. తానూ క్యాన్సర్‌తో పోరాడిన మనిషి కాబట్టి, ఆ బిల్లులో వైద్య పరిశోధనకు 1,000 కోట్ల డాలర్లు పట్టుబట్టి పెట్టించారు. రెండు నెలలు తిరిగేసరికి సొంత పార్టీ ప్రైమరీలో తనకు గెలుపు లేదని ఆయనకు తెలిసిపోయింది. డెమొక్రటిక్ పార్టీలోకి మారారు. 2010 మేలో అక్కడి ప్రైమరీలోనూ ఓడిపోయారు. రాష్ట్రమంతా ఓటేసే నవంబరు దాకా ఆయన పేరు వెళ్లనే లేదు.

ఆ నవంబరులో సీటు గెలిచింది ప్యాట్ టూమీ. 2004 ప్రైమరీలో కుడివైపు నుంచి స్పెక్టర్ మీదికి వచ్చి, కొద్దిలో ఓడిపోయిన మనిషే ఆయన. 2021 ఫిబ్రవరిలో అభిశంసన విచారణలో ట్రంప్‌ను దోషిగా తేల్చాలని ఓటేసిన ఏడుగురు రిపబ్లికన్లలో టూమీ ఒకరు. వెంటనే మా రాష్ట్రంలో కొన్ని కౌంటీల పార్టీ కమిటీలు ఆయన్ను తప్పుపడుతూ తీర్మానాలు చేశాయి. టూమీ అభిప్రాయాలు మెత్తబడలేదు, పన్నుల మీదా ప్రభుత్వ ఖర్చు మీదా ఆయన మాట ఎప్పుడూ ఒకటే. జరిగింది పార్టీ గీసిన గీత. దశాబ్దంలో అది అంత దూరం జరిగింది.

ఇది ఎలా జరుగుతుందో తెలుగు పాఠకులకు కాస్త వివరంగా చెప్పాలి. మన దగ్గర టికెట్ ఎవరికో పార్టీ అధినేత తేలుస్తారు, బీ-ఫారం ఆయన చేతిమీదుగా వస్తుంది. ఇక్కడ ఆ పని ప్రైమరీలో ఓటర్లే చేస్తారు. వినడానికి ఇంతకంటే ప్రజాస్వామ్యం ఏముంటుంది అనిపిస్తుంది. కానీ ఆ రోజు ఓటేయడానికి వచ్చేవాళ్లు తక్కువ, వచ్చేవాళ్లలో పట్టుదల ఎక్కువ. పెన్సిల్వేనియాలోనైతే పార్టీ ప్రైమరీలు ఆ పార్టీలో నమోదైన వాళ్లకే. ఏ పార్టీలోనూ చేరని నాలాంటి వాళ్లకు అభ్యర్థుల ఎంపికలో ఓటు లేదు. రెండు ప్రధాన పార్టీల్లోనూ లేనివాళ్లం ఈ రాష్ట్రంలో పది లక్షలకు పైగా ఉన్నాం.

నవంబరులో గట్టి పోటీ ఉంటే ఇంత నష్టం ఉండేది కాదు. కానీ చాలా రాష్ట్రాల్లో ఏ పార్టీ గెలుస్తుందో ముందే తెలుసు. 2025 జనవరిలో కొలువైన సెనేట్‌లో ఇద్దరు సెనేటర్లు రెండు పక్షాలకు చెందిన రాష్ట్రాలు మూడే: మెయిన్, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్. 1970ల చివర్లో దాదాపు సగం రాష్ట్రాలు అలా ఉండేవి. ఇప్పుడు మిగతా చాలాచోట్ల ప్రైమరీయే అసలు ఎన్నిక. ఉదాహరణకు రిపబ్లికన్ రిచర్డ్ లూగర్ 36 ఏళ్లు సెనేటర్. డెమొక్రాట్ అయిన శాం నన్‌తో కలిసి 1991లో ఆయన తెచ్చిన చట్టం వల్లే పాత సోవియట్ దేశాల్లో వేల అణ్వాయుధాలను నిర్వీర్యం చేయగలిగారు. అవతలి పార్టీ వాళ్లతో కలిసి పనిచేశారన్నదే ఆయన మీద పెద్ద ఆరోపణ అయింది. 2012లో ఇండియానా ప్రైమరీ ఓటర్లు ఆయన్ను ఇంటికి పంపారు. ఆయన్ను ఓడించిన రిచర్డ్ మర్డాక్ నవంబరులో డెమొక్రాట్ చేతిలో ఓడిపోయారు. మొత్తం రాష్ట్రం ఎటు ఉందో, ప్రైమరీ ఎటు ఉందో అక్కడే కనబడుతుంది.

డెమొక్రాట్లలోనూ ఇదే కథ. 2006లో కనెటికట్ ప్రైమరీలో ఓడిన జో లీబర్‌మన్ స్వతంత్రుడిగా నిలబడి అదే నవంబరులో గెలిచారు. చాలా రాష్ట్రాల్లో ఆ దారి కూడా లేదు. ప్రైమరీలో ఓడినవారి పేరు నవంబరు బ్యాలెట్ మీద ఉండకూడదని చట్టాలు ఉన్నాయి.

ఇక శాసనసభల సంగతికి వస్తాను. 1899లో మోంటానా రాగి గనుల కోటీశ్వరుడు విలియం క్లార్క్ శాసనసభ్యులకు డబ్బు పంచి సెనేటర్ అయ్యారు. ఆ ఎన్నిక చెల్లదని సెనేట్ కమిటీ తేల్చింది. సెనేట్ ఓటు వేసేలోగా 1900 మేలో ఆయన రాజీనామా చేశారు. గవర్నరు రాష్ట్రంలో లేని సమయం చూసి, లెఫ్టినెంట్ గవర్నరు చేత అదే ఖాళీలో తననే నియమింపజేసుకున్నారు. గవర్నరు తిరిగొచ్చి ఆ నియామకాన్ని కొట్టేశారు. అయినా 1901లో శాసనసభ క్లార్క్‌ను మళ్లీ ఎన్నుకుంది, ఆరేళ్లు ఆయన సెనేట్‌లో కూర్చున్నారు. డెలావేర్‌లో 1895లో 114 రోజుల పాటు 217 సార్లు ఓటింగ్ జరిపినా సెనేటర్ తేలలేదు. ఆ తర్వాత 1901 నుంచి 1903 వరకు ఆ రాష్ట్రానికి ఒక్క సెనేటరూ లేరు. ఇలియనాయ్ శాసనసభ 1909లో ఎన్నుకున్న విలియం లారిమర్ ఎన్నికను లంచాల కారణంగా సెనేటే 1912లో రద్దు చేసింది. ఇవన్నీ కళ్లారా చూశాకే ప్రజలు 17వ సవరణ కోరుకున్నారు. ఇది ఎవరో సిద్ధాంతకర్తల ఊహలోంచి పుట్టిన సవరణ కాదు.

ఈ రోజుల్లో ఇంకో ప్రమాదం కూడా ఉంది. సెనేట్ ఎన్నికలో రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గం కాబట్టి దాని హద్దులు ఎవరూ తమకు అనుకూలంగా గీసుకోలేరు. శాసనసభ స్థానాలవి గీసుకోగలరు, గీసుకుంటున్నారు కూడా. 2018లో విస్కాన్సిన్ ప్రజలు డెమొక్రాట్ ట్యామీ బాల్డ్విన్‌ను పది శాతానికి మించిన తేడాతో సెనేట్‌కు పంపారు. అదే రోజు అదే ఓటర్లు వేసిన ఓట్లతో శాసనసభలో 99 స్థానాలకు 63 రిపబ్లికన్లకు వెళ్లాయి. ఆ సభ సెనేటర్‌ను ఎన్నుకుంటే ప్రజల తీర్పు తలకిందులయ్యేది. పైగా ఆ శాసనసభ్యులు కూడా ప్రైమరీల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లకు మధ్యేవాదుల మీద ప్రేమ ఎక్కడి నుంచి వస్తుంది?

శాసనసభ్యులు ఎన్నుకుంటే ఎలా ఉంటుందో రాజ్యసభ ఎన్నికలు చూసిన తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. క్యాంపులు, రిసార్టులు, బస్సులు. 2003 నుంచి ఎమ్మెల్యే తాను ఎవరికి ఓటేశాడో పార్టీ ఏజెంటుకు చూపించి మరీ వేయాలి. అంత కట్టడి ఉన్నా 2024 ఫిబ్రవరిలో హిమాచల్‌లో ఆరుగురు కాంగ్రెస్ ఎమ్మెల్యేలు ప్రత్యర్థి పార్టీ అభ్యర్థికి ఓటేశారు. 34–34 సమానమై, చివరికి చీటీతో సీటు తేల్చారు. ఆ మరుసటి నెలలోనే, రాజ్యసభ ఎన్నికలో ఓటుకు డబ్బు తీసుకున్న ఎమ్మెల్యేకు రాజ్యాంగ రక్షణ లేదని సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పాల్సి వచ్చింది.

నా దృష్టిలో మార్చాల్సింది ప్రైమరీని. అలాస్కా ఆ పని చేసి చూపించింది. లీసా ముర్కౌస్కీ 2010లో రిపబ్లికన్ ప్రైమరీలో సుమారు రెండు వేల ఓట్లతో ఓడిపోయారు. నవంబరులో బ్యాలెట్ మీద పేరు లేకుండానే, ఓటర్లు చేత్తో ఆమె పేరు రాసి గెలిపించారు. స్పెల్లింగ్ తప్పిన ఓట్ల మీద వ్యాజ్యం రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక మధ్యేవాదిని నిలబెట్టుకోవడానికి ఓటర్లు అంత అవస్థ పడాల్సిన అవసరం ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతాను. 2020లో అలాస్కా ప్రజలు కొత్త పద్ధతిని ఆమోదించారు. అన్ని పార్టీల అభ్యర్థులకూ కలిపి ఒకే ప్రైమరీ, అందులో ఓటరు ఎవరైనా ఓటేయొచ్చు. మొదటి నలుగురు నవంబరుకు వెళ్తారు. అక్కడ ఓటరు 1, 2, 3, 4 అని ప్రాధాన్యం ఇస్తాడు.

పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటేసిన వాళ్లకు ఇది కొత్త కాదు. చివర ఉన్నవారిని తీసేసి, వారి రెండో ప్రాధాన్య ఓట్లను మిగతావారికి కలుపుతూ పోవడమే. వరంగల్–ఖమ్మం–నల్లగొండ స్థానంలో 2021లో లెక్కింపు రోజుల తరబడి సాగినప్పుడు అందరం కళ్లార్పకుండా చూశాం. 2022లో ముర్కౌస్కీ మొదటి ప్రాధాన్యంలో ట్రంప్ బలపరిచిన అభ్యర్థి కంటే ఒక శాతం కూడా ముందు లేరు. డెమొక్రాట్ అభ్యర్థి ఎలిమినేట్ అయ్యాక ఆ ఓట్లలో చాలా భాగం ఆమెకు వచ్చి, 54 శాతానికి దగ్గరగా గెలిచారు. ట్రంప్‌ను దోషిగా తేల్చాలని ఓటేసిన ఏడుగురిలో ఆ ఏడాది ఎన్నికకు నిలబడింది ఆమె ఒక్కరే. పాత ప్రైమరీ ఉండి ఉంటే ఆమె గెలిచేవారని నేను అనుకోను.

ఈ పద్ధతిలో లోపమే లేదని చెప్పను. అదే ఏడాది ఆగస్టులో అలాస్కా ప్రతినిధుల సభ ఉపఎన్నికలో పోటీచేసిన నిక్ బెగిచ్ మూడో స్థానంతో తప్పుకోవాల్సి వచ్చింది. ఓట్ల వివరాలు చూస్తే మిగతా ఇద్దరిలో ఎవరితో ముఖాముఖి పోటీపడినా ఆయనే గెలిచేవారు. మధ్యలో ఉన్నవాడు మొదటి ప్రాధాన్యాలు తక్కువై ముందే పోవడం ఈ లెక్కింపులో జరగొచ్చు. జనం కూడా దీన్ని ఆత్రంగా అందుకోవడం లేదు. 2024లో నెవాడా, ఐడహో, కొలరాడో ఓటర్లు ఇలాంటి ప్రతిపాదనలను తిరస్కరించారు. అలాస్కాలోనే రద్దు ప్రతిపాదన వెయ్యి ఓట్ల తేడా కూడా లేకుండా వీగిపోయింది. లూసియానా వెనక్కి నడిచింది. దశాబ్దాలుగా అందరూ కలిసి ఓటేసే పద్ధతి ఉన్న ఆ రాష్ట్రం, 2026 నుంచి సెనేట్‌కు పార్టీ ప్రైమరీలు పెడుతూ చట్టం చేసింది. దోషి అని ఓటేసిన ఏడుగురిలో ఒకరైన బిల్ క్యాసిడీ సీటు ఆ ఏడాదే ఎన్నికకు వస్తుందని ఆ చట్టం చేసినవాళ్లకు తెలుసు.

మా రాష్ట్రానికి ఇంత పెద్ద మార్పు ఒక్కసారిగా రాకపోవచ్చు. మొదటి మెట్టుగా, పార్టీలో నమోదు కాని ఓటరు తనకు నచ్చిన ఏదో ఒక పార్టీ ప్రైమరీలో ఓటేసే అవకాశం ఇస్తే చాలు. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, హారిస్‌బర్గ్‌లో రాష్ట్ర శాసనసభ చట్టం మారిస్తే సరిపోతుంది. మా సెనేటర్ జాన్ ఫెటర్‌మన్ సీటుకు 2028లో ఎన్నిక. సొంత పార్టీలోనే ఆయన మీద చాలామంది కోపంగా ఉన్నారు. ఆయన మళ్లీ నిలబడితే ఉండాలో పోవాలో ఆ వసంతంలో డెమొక్రాట్లుగా నమోదైనవాళ్లే తేలుస్తారు. మీ పత్రికను ఇక్కడ చదివే తెలుగువాళ్లు తమ రాష్ట్ర ప్రతినిధికి ఈలోగా ఒక ఉత్తరం రాయాలని, ఓపెన్ ప్రైమరీ కావాలని అడగాలని నా విన్నపం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెన్సిల్వేనియా