అమ్మ చీర, అద్దె స్లీపింగ్ బ్యాగ్

డిసెంబర్‌లో నలుగురం ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్లాం. దాదాపు 12,500 అడుగుల ఎత్తు. అద్దెకిచ్చిన స్లీపింగ్ బ్యాగ్ జిప్ తీయగానే గుప్పున పాత సాక్సుల వాసన!

బయల్దేరే ముందు అమ్మ తన పాత నూలు చీరని మడిచి, సంచిలా కుట్టి ఇచ్చింది. "గలీబు లేకుండా దిండు వాడతామా?" అంది. నాకు సిగ్గేసి బ్యాగ్ అడుగున దాచేశాను. ఆ వాసన దెబ్బకి బయటికి తీశాను. మొదటి రాత్రి నవ్విన ఫ్రెండే రెండో రాత్రి "ఇంకోటి ఉందా రా?" అన్నాడు.

స్లీపింగ్ బ్యాగ్‌ని ఎలా ఉతకాలి అని కాదు, మురికి కాకుండా ఎలా వాడాలి అని అడగాలంటాను నేను. చెమట, ఒంటి జిడ్డు పట్టేకొద్దీ లోపలి ఈకలు అణిగిపోతాయి, వెచ్చదనం తగ్గుతుంది. మాటిమాటికీ ఉతికినా పాడవుతుంది. లైనర్ అయితే బకెట్‌లో జాడించేయొచ్చు. నూలుది బరువే, తడిస్తే తొందరగా ఆరదు. పట్టు చీర ఇంకా మేలు, కానీ అమ్మని అడిగే ధైర్యం నాకు లేదు.

నడిచిన బట్టలతో దూరకూడదు. పడుకోవడానికే ఒక జత పొడి సాక్సులు ఉంచుకోవాలి. ముఖం లోపల పెట్టి ఊపిరి వదిలితే చెమ్మ చేరుతుంది, పొద్దున్నే తిరగేసి ఎండలో వేయాలి. ఇది బద్ధకించి మూడో రాత్రి వణికాను.

అద్దెదే కదా, మనకెందుకు అంటారు మావాళ్లు. నాకంటే ముందు పడుకున్నవాళ్లు కూడా అదే అనుకునుంటారు. మన ట్రెక్ లిస్టులో టార్చ్ పక్కనే లైనర్ కూడా రాయండి. ఫ్రెండ్ కోసం ఇంకోటి కుట్టమని అమ్మకి ఆల్రెడీ మెసేజ్ పెట్టాను.