ఓర్పు కూడా పథ్యమే

వైద్యుని వద్దకు వచ్చిన గృహస్థులు మందుపొట్లం చేతికి అందగానే తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది. "పథ్యం ఏమిటండీ?" వంకాయ తినవచ్చునా, రాత్రివేళ పెరుగు పనికివస్తుందా, ఆవకాయ ఎన్నాళ్లు మానాలి అని వివరంగా అడిగి, కాగితంపై వ్రాసుకొని మరీ వెళతారు. నలభై ఏళ్లకు పైబడిన నా వృత్తిలో "నా మాటకు పథ్యం ఏమిటి?" అని అడిగినవారు మాత్రం నాకు తారసపడలేదు. ఎవరూ అడగకపోయినా ఆ ప్రశ్నకు మన శాస్త్రం ఏనాడో సమాధానం చెప్పి ఉంచింది.

చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో ఆపుకోకూడని వేగాలు పదమూడు చెప్పబడ్డాయి. మలమూత్రాలు, తుమ్ము, త్రేన్పు, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర మొదలైనవి అందులోనివి. ఈ సంగతి మన పాఠకులలో చాలామందికి తెలుసు. అదే అధ్యాయంలో ఆపుకొని తీరవలసిన వేగాలు కూడా ఉన్నాయన్నది అంతగా ప్రచారంలో లేదు. లోభం, శోకం, భయం, క్రోధం, గర్వం, ఈర్ష్య మొదలైనవి మనసుకు సంబంధించినవి. పరుషమైన మాట, అతిగా మాట్లాడటం, చాడీ, అసత్యం, సమయం కాని సమయంలో పలికే పలుకు వాక్కుకు సంబంధించినవి.

నేటి మన జీవితాన్ని చూడండి. సరిగ్గా తలక్రిందులుగా ఉంటుంది. కార్యాలయంలో పని ఉన్నదని ఆకలిని ఆపుకుంటాము. బస్సులో మూత్రాన్ని ఆపుకుంటాము. నలుగురిలో తుమ్మును ఆపుకుంటాము. నోటివరకు వచ్చిన కటువైన మాటను మాత్రం ఒక్క క్షణం ఆపుకోలేము. ఆ మాట ఎవరిమీద పడుతున్నది? పై అధికారి మీద కాదు, వియ్యంకుని మీద కాదు. పేరు తెలియని మనిషి మీద. చిల్లర లేదన్న కండక్టరు మీద, బ్యాంకులో మనకు ముందు నిలబడి సంతకం ఎక్కడ పెట్టాలో తెలియక తడబడే వృద్ధురాలి మీద, గ్యాసు బండ మోసుకొని వచ్చిన మనిషి మీద. గృహావసరాల బండలో గ్యాసు 14.2 కిలోలు. ఖాళీ బండ బరువు కూడా ఇంచుమించు అంతే. వెరసి దాదాపు 30 కిలోల బరువును భుజాన వేసుకొని మూడంతస్తులు ఎక్కివచ్చిన వానిని "ఇంత ఆలస్యమా?" అన్న మాటతో మనం పలుకరిస్తాము.

ఇతరుల దోషం ఎంచడానికి ముందు నా దోషం చెప్పుకోవడం న్యాయం. కొన్నేళ్ల క్రిందట, మే నెలలో ఒక మధ్యాహ్నం, నా వైద్యశాల నిండా జనం. ఒక మనిషి వరుస తప్పించుకొని రెండుసార్లు తలుపు దగ్గరకు వచ్చాడు. మొదటిసారి చేతితోనే ఆగమన్నాను. రెండవసారి "అయ్యా, అందరూ మనుషులే. వరుసలో నిలబడండి" అని అందరూ వినేటట్లు గద్దించాను. అతడు మారుమాట లేకుండా వెనుదిరిగాడు. అరగంట తరువాత అతని వంతు వచ్చినప్పుడు తెలిసింది, అతని తల్లి బయట ఎండలో, ఆటోలో ఉన్నదని.

పరుగున వెళ్లి చూశాను. ఆమె ఒళ్లు పెనంలా కాలిపోతున్నది. నాలుక పిడచకట్టింది. పేరు అడిగితే ఏదో అసంబద్ధంగా పలుకుతున్నది. అది వడదెబ్బ. నా అలమరలోని ఏ కషాయమూ ఆ క్షణాన ఆమెకు వైద్యం కాదు. నీడకు చేర్చి, ఒంటిమీద తడిబట్టలు కప్పి, విసురుతూ, స్పృహ సరిగా లేదు కనుక నోట నీరు పోయకుండా, వెంటనే పెద్దాసుపత్రికి పంపించాను. దైవానుగ్రహం వలన ఆమె బ్రతికింది.

కొన్నాళ్లకు ఆ కుమారుడు వచ్చి "మీరు వెంటనే పంపబట్టి మా అమ్మ దక్కిందండీ" అన్నాడు. నేను సిగ్గుపడి, "బాబూ, నీవు అరగంట ముందే చెప్పవచ్చావు. నేనే వినలేదు" అన్నాను. అతడు నా ముఖంలోకి చూడకుండా, "మీరూ పనిలో ఉన్నారు కదండీ" అన్నాడు. ఆనాడు మా ఇద్దరిలో ఓర్పు అన్నది ఎవరివద్ద ఉన్నదో పాఠకులే గ్రహించగలరు.

దర్శనం, స్పర్శనం, ప్రశ్న అని రోగపరీక్ష మూడు విధాలు. నేను ఆనాడు మూడవదానిని మరచాను. "ఏమి కావాలి?" అని ఒక్కమాట అడిగి ఉంటే చాలును. వైద్యునికి ఉండవలసిన నాలుగు భావాలలో మైత్రిని మొదటిదిగా చెప్పిన చరకాన్ని కంఠస్థం చేసినవాడినే నేను. శ్లోకం నాలుక మీద ఉండటం వేరు, సమయానికి అది నాలుకను పట్టి ఆపడం వేరు.

మా గురువుగారి ఇంట్లో మేము చదువుకున్న రోజులలో రోగి రాగానే నాడి చూడటం ఉండేది కాదు. శిష్యులలో ఒకరు నీళ్ల చెంబు అందించాలి. "ఎంత దూరంనుండి వచ్చారు? భోజనం అయినదా?" అన్నది గురువుగారి మొదటి ప్రశ్న. అది మర్యాద మాత్రమే అని చాలాకాలం అనుకున్నాను. ఎండన పడి నడిచి వచ్చినవాని నాడి, ఆకలితో ఉన్నవాని నాడి, అప్పుడే తిన్నవాని నాడి ఉన్న స్థితిని సరిగా చెప్పవని తరువాత బోధపడింది. ఆ ఇంట్లో దయ, శాస్త్రం వేరువేరు గదులలో ఉండేవి కావు.

గృహస్థులకూ ఇదే వర్తిస్తుంది. వాగ్భటుని అష్టాంగహృదయంలో దినచర్యాధ్యాయం ఉన్నది. దంతధావనం, అభ్యంగనం, వ్యాయామం, స్నానం అందులోనే ఉన్నాయి. ఎదుటివారు పలుకకముందే తానే ప్రసన్నంగా పలుకరించడం, ఆర్తులను ఆదుకోవడం, యాచించవచ్చిన వారిని కసురుకొనకుండుట కూడా అందులోనే ఉన్నాయి. అంటే ఇవి పండుగనాడు చేసే పుణ్యకార్యాలు కావు. పళ్లు తోముకోవడం వలె నిత్యం చేయవలసినవి.

ఇక్కడ రెండు ఆక్షేపణలు రావచ్చును. కోపాన్ని అణచుకుంటే రోగం కాదా అన్నది ఒకటి. శాస్త్రం చెప్పిన ధారణం అంటే కోపాన్ని లోపల దాచి పులియబెట్టడం కాదు. బుద్ధి వచ్చి చేరేవరకు మాటను నిలిపి ఉంచడం. తరువాత చెప్పవలసినది స్థిరంగా చెప్పవచ్చును. తూకంలో మోసాన్ని సహించమని ఎవరూ అనలేదు. మోసగాళ్లు పెరిగిన కాలంలో అపరిచితులను ఎట్లా నమ్మాలి అన్నది రెండవది. నమ్మమని నేను అనడంలేదు. తలుపు గొలుసు తీయకుండానే మర్యాదగా మాట్లాడవచ్చును. జాగ్రత్తకు, కసురుకు సంబంధం లేదు.

అట్లాగే, దయ చూపితే రక్తపోటు తగ్గుతుందని ఆశపెట్టను. క్రోధం పిత్తాన్ని ప్రకోపింపజేస్తుందని మన శాస్త్రం, గుండెవేగాన్ని పెంచుతుందని ఆధునిక వైద్యం చెబుతున్నాయి. నిజమే. కాని లాభం లెక్కచూసుకొని చేసే దయ చ్యవనప్రాశ వంటి సరుకు అవుతుంది. ఎదుటివాడు కూడా అలసిపోయిన మనిషి అన్న కారణం ఒక్కటి చాలదా?

గ్రీష్మంలో శరీరబలం మిక్కిలి క్షీణించి ఉంటుందని ఋతుచర్య చెబుతున్నది. ఓర్పు తరుగుదల కూడా అప్పుడే ఎక్కువ, దాని అవసరమూ అప్పుడే ఎక్కువ. 2015 వేసవిలో వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఊరికొక చలివేంద్రం పెట్టిన సంప్రదాయం మనది. ప్రతి ఇల్లూ ఒక చిన్న చలివేంద్రం కావచ్చును. గేటు దగ్గర నీడలో మూతపెట్టిన కుండ, శుభ్రమైన గ్లాసు ఉంచండి. సరుకులు తెచ్చినవారికి, ఉత్తరాలు తెచ్చినవారికి అల్లం, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ ఇవ్వండి. నీరసించినవారికి లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలిపి, కొద్దికొద్దిగా త్రాగించండి. మాట తడబడుతూ ఒళ్లు కాలిపోతుంటే మాత్రం ఇంటివైద్యంతో కాలయాపన చేయక, ఒళ్లు చల్లబరుస్తూనే ఆసుపత్రికి చేర్చండి.

ఆనాటినుండి నా వైద్యశాలలో ఒక మార్పు చేశాను. వరుస పద్ధతి అట్లాగే ఉన్నది. అయితే తలుపు తీసిన వెంటనే నేనే బయటకు వచ్చి, కూర్చున్నవారిని, ఆటోలలో ఉన్నవారిని ఒకసారి పలుకరించి వెళతాను. అయిదు నిమిషాలు పట్టదు. మందుచీటీలో వ్రాయని ఈ పథ్యాన్ని వైద్యుడు తానే ముందు పాటించాలి గదా!